పాత బొమ్మ రైలుకు తేలికైన బల్ల



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని వార్డెన్ గారు అడిగినప్పుడు కథ రాయాలా, కవిత రాయాలా అని రెండు రోజులు ఆలోచించాను. రెండూ నాకు చేతకావు. నేను ఐ.టి.ఐ.లో ఎలక్ట్రీషియన్ చదివినవాణ్ణి. చేసిన పనిని చేసినట్టు చెప్పడమే నాకు వచ్చు. అందుకే ఈ సంవత్సరం మన హాస్టల్లో మనం అందరం కలిసి చేసిన ఒక పని గురించి రాస్తున్నాను. అదే పాత బొమ్మ రైలుకు బల్ల కట్టడం.

ఈ రైలు సంగతి పెద్ద తరగతుల వాళ్ళకు కొంత తెలుసు. విశాఖపట్నంలో రైల్వే ఉద్యోగం చేసి రిటైరైన ఒక పెద్దాయన, తన పిల్లలు ఆడుకొన్న కరెంటు బొమ్మ రైలును చాలా ఏళ్ళ క్రితం మన హాస్టల్‌కు ఇచ్చారు. ఒక ఇంజను, మూడు పెట్టెలు, 12 పట్టాల ముక్కలు, ఒక కంట్రోలరు. అప్పుడు నేను 7వ తరగతి. ఆదివారం మధ్యాహ్నం గదిలో చాపలు తీసి నేల మీద పట్టాలు పరిచేవాళ్ళం. నాలుగు వారాలు తిరిగింది. ఐదో వారం తిరగలేదు. ఒక వంపు ముక్క తొక్కిడికి విరిగిపోయింది, ఎవరు తొక్కారో తెలియలేదు. రైలు పాడయిందని అందరూ అనుకొన్నారు. పెట్టె అటక ఎక్కింది.

తొక్కింది నేనే. భయపడి ఆ ముక్కను నా ట్రంకుపెట్టెలో బట్టల కింద దాచేశాను. హాస్టల్ వదిలి వెళ్ళేటప్పుడు కూడా చెప్పలేదు. ఆ ముక్క మా ఇంట్లో ఇన్నేళ్ళూ ఉంది. క్రిందటి వార్షికోత్సవానికి వచ్చినప్పుడు దాన్ని జేబులో వేసుకొని వచ్చి, వార్డెన్ గారి చేతిలో పెట్టి నిజం చెప్పాను. ఆయన నవ్వి, "అయితే నువ్వే బాగుచెయ్యి" అన్నారు. ఈ వ్యాసానికి అదే మొదలు.

మన లైను, చిన్న లైను

బొమ్మ రైలు గురించి చెప్పే ముందు అసలు రైలు గురించి నాలుగు మాటలు చెప్పుకోవాలి. బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ వారు విజయనగరం నుంచి పార్వతీపురం వరకు 1908-09లో లైను వేశారు. బొబ్బిలి నుంచి మన సాలూరుకు కొమ్మ లైను 1913లో వచ్చింది. పార్వతీపురం నుంచి రాయపూర్ వరకు లైను పూర్తయింది 1931లో. అంటే రాయపూర్‌కు దారి పడక ముందే సాలూరుకు రైలు ఉందన్నమాట.

ఈ కొమ్మ లైను మీద ఎన్నో ఏళ్ళు రైల్‌బస్సు తిరిగింది. రైలు పట్టాల మీద నడిచే బస్సు లాంటి చిన్న బండి అది. పండగ సెలవులకు మాలో చాలామంది దాని మీదే బొబ్బిలి వెళ్ళి, అక్కడి నుంచి తలో దిక్కుకూ పోయేవాళ్ళం. 2020 మార్చిలో కరోనా వల్ల దేశమంతటా ప్రయాణికుల రైళ్ళు ఆగినప్పుడు అది కూడా ఆగింది. మీలో చిన్నవాళ్ళు దాన్ని ఎక్కి ఉండరు. 2022 ఏప్రిల్‌లో మనం విజయనగరం జిల్లా నుంచి పార్వతీపురం మన్యం జిల్లాలోకి వచ్చాం. ఇలా ఎన్ని మారినా ఊరి పేరుతో పాటు లైను పేరు కూడా తెలిసి ఉండాలని నా కోరిక.

గేజ్ అంటే ఏమిటి?

రెండు పట్టాల లోపలి అంచుల మధ్య దూరాన్ని గేజ్ అంటారు. మన సాలూరు లైను బ్రాడ్‌గేజ్, అంటే 1676 మిల్లీమీటర్లు. శ్రీకాకుళం జిల్లా నౌపడా నుంచి పర్లాకిమిడికి 1900లో పర్లాకిమిడి రాజావారు వేయించిన లైను 762 మిల్లీమీటర్ల నేరోగేజ్. తర్వాత అది గుణుపూర్ దాకా సాగింది. 2004లో దాన్ని మూసి, బ్రాడ్‌గేజ్‌గా మార్చి 2011లో మళ్ళీ తెరిచారు. ప్రపంచంలో చాలా దేశాలలో ఉన్న గేజ్ 1435 మిల్లీమీటర్లు.

బొమ్మ రైళ్ళకు కూడా గేజ్‌లు ఉన్నాయి. జర్మనీలోని మార్క్లిన్ కంపెనీ వారు 1891లో ఒక పద్ధతి ప్రకారం కొలతలు పెట్టి బొమ్మ రైళ్ళను అమ్మడం మొదలుపెట్టారు. ఇంగ్లండులో ఫ్రాంక్ హార్న్‌బీ అనే ఆయన 1920లో తాళంచెవి తిప్పితే నడిచే రైళ్ళు తెచ్చారు. ఆ కంపెనీ 1938లో తెచ్చిన చిన్న సైజును ఓఓ గేజ్ అంటారు. మన హాస్టల్ రైలు ఈ సైజుదే. దీని పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లు. ఇంజనూ పెట్టెలూ అసలు వాటిలో సుమారు 76వ వంతు ఉంటాయి.

ఇక్కడ ఒక లెక్క వేయండి. 1676ను 76తో భాగిస్తే 22 వస్తుంది. అంటే మన బ్రాడ్‌గేజ్‌కు సరైన బొమ్మ పట్టాలు 22 మిల్లీమీటర్ల వెడల్పు ఉండాలి. కనుక మన బొమ్మ రైలు నిలబడే పట్టాలు అసలు కన్నా ఇరుకు. బొమ్మలో అన్నీ నిజం కాదు, కానీ ఎక్కడ నిజం కాదో తెలుసుకోవడం కూడా చదువే.

నేల మీద ఎందుకు వద్దు?

నేల మీద పట్టాలు పరిస్తే మూడు నష్టాలు. మొదటిది, తొక్కుతారు. దీనికి సాక్షి నేనే. రెండోది, దుమ్ము, వెంట్రుకలు, దుప్పటి పోగులు ఇంజను ఇరుసులకు చుట్టుకొంటాయి. మూడోది, ప్రతిసారీ ముక్కలు కలిపి, మళ్ళీ విప్పడం వల్ల వాటి చివర ఉండే రేకు జాయింట్లు వదులైపోతాయి. జాయింటు వదులైతే కరెంటు సరిగా పోదు.

అయితే మన గదిలో పెద్ద బల్లకు చోటు లేదు. రాత్రి అక్కడే పడుకోవాలి, పొద్దున్న అక్కడే చదువుకోవాలి. కాబట్టి మనకు కావలసింది ఇద్దరు పిల్లలు మోయగలిగి, పని అయ్యాక గోడకు నిలబెట్టగలిగే బల్ల. సైన్సు ఎగ్జిబిషన్‌కు ఆటోలో పెట్టి తీసుకుపోగలిగితే మరీ మంచిది.

బల్ల కొలత

ముందు పట్టాలు పరిచి కొలవాలి, తర్వాతే చెక్క కొనాలి. మన దగ్గర 8 వంపు ముక్కలు, 4 తిన్నని ముక్కలు ఉన్నాయి. ఎనిమిది వంపులు కలిస్తే ఒక పూర్తి వృత్తం. ఆ వృత్తం వ్యాసార్ధం పట్టాల మధ్య గీతకు 371 మిల్లీమీటర్లు. కాబట్టి వ్యాసం 742. వృత్తాన్ని రెండు సగాలు చేసి మధ్యలో అటు రెండు, ఇటు రెండు తిన్నని ముక్కలు పెడితే కోడిగుడ్డు ఆకారం వస్తుంది. తిన్నని ముక్క పొడవు 168 మిల్లీమీటర్లు.

పొడవు: 742 + 168 + 168 = 1078. స్లీపర్ల అంచులకు ఇంకో 30 కలిపితే 1108 మి.మీ.
వెడల్పు: 742 + 30 = 772 మి.మీ.

4 అడుగులు అంటే సుమారు 1220, 3 అడుగులు అంటే సుమారు 915 మిల్లీమీటర్లు. కనుక 4 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పు ఉన్న బల్ల సరిపోతుంది. చివరల 56, పక్కల 71 మిల్లీమీటర్ల ఖాళీ మిగులుతుంది. రైలు పట్టాలు తప్పినా కింద పడకుండా ఈ ఖాళీ కాపాడుతుంది. ప్లైవుడ్ షీటు 8 అడుగులు, 4 అడుగులు ఉంటుంది. దానిలోంచి ఇలాంటి ముక్క తేలికగా వస్తుంది.

బరువు తగ్గించడం ఎలా?

ఇక్కడ నేను ఒక తప్పు చేశాను. గట్టిగా ఉంటుందని 19 మిల్లీమీటర్ల మందం ప్లైవుడ్ ముక్క తెచ్చాను. మన సాలూరు లారీలకు, లారీ బాడీలు కట్టే షెడ్లకు పేరున్న ఊరు కదా. అలాంటి షెడ్డులో పనిచేసే మా మేస్త్రి మావయ్యకు దాన్ని చూపించాను. ఆయన ఒక చివర ఎత్తి చూసి, "ఏట్రా అల్లుడూ, ఇది బల్లా, గుడి తలుపా? దీన్నెవుడు మోస్తాడు?" అన్నాడు. తూకం వేస్తే 13 కిలోలు దాటింది.

తర్వాత నన్ను కడుతున్న లారీ కిందికి తీసుకెళ్ళి చూపించాడు. "లారీ ఫ్లోరు బలం పలకల్లో నేదురా. పలకల కిందనున్న అడ్డకర్రల్లో ఉంది" అన్నాడు. ఈ ఒక్క మాటలో మొత్తం ఇంజనీరింగు ఉంది.

ఒక కర్రను పడుకోబెట్టి వంచితే వంగుతుంది. దాన్నే అంచు మీద నిలబెట్టి వంచితే అంత వంగదు. మీ స్కేలుతో ఇప్పుడే చేసి చూడండి. కర్ర ఎత్తు రెండింతలైతే వంగకుండా నిలిచే శక్తి ఎనిమిదింతలు అవుతుంది, ఎందుకంటే అది ఎత్తు యొక్క ఘనాన్ని బట్టి పెరుగుతుంది. 2 అంగుళాల వెడల్పు, ముప్పావు అంగుళం మందం ఉన్న బద్దను నిలబెట్టి బిగిస్తే, పడుకోబెట్టిన దాని కన్నా సుమారు 7 రెట్లు గట్టిగా ఉంటుంది. బరువు మాత్రం ఒక్కటే.

కాబట్టి పైన 6 మిల్లీమీటర్ల పల్చని ప్లైవుడ్, కింద చుట్టూ నిలబెట్టిన బద్దల చట్రం, మధ్యలో రెండు అడ్డబద్దలు పెట్టాం. బద్దలు పాత ప్యాకింగు పెట్టెల తేలిక కలపవి. ఫెవికాల్ రాసి, పైనుంచి చిన్న స్క్రూలు బిగించాం. జిగురు ఆరే దాకా ఒక రాత్రి బల్ల మీద పుస్తకాల ట్రంకుపెట్టెలు పెట్టాం. ప్లైవుడ్ సుమారు నాలుగున్నర కిలోలు, చట్రం రెండున్నర కిలోలు, మొత్తం 7 కిలోలు. మొదటి బల్ల బరువులో ఇది దాదాపు సగం, పైగా వంగదు. 6వ తరగతి పిల్లలు ఇద్దరు అటు ఇటు పట్టుకొని తలుపులోంచి నిలువుగా తిప్పి తీసుకుపోతున్నారు.

నాలుగు మూలలా పాత చెప్పు రబ్బరు ముక్కలు అంటించాం. ఆడేటప్పుడు నాలుగు ట్రంకుపెట్టెల మీద పెడితే కదలదు, పెట్టెల మీద గీతలు పడవు.

ఇంకా తేలిక కావాలంటే థర్మోకోల్ వాడవచ్చు. కానీ రెండు జాగ్రత్తలు ఉన్నాయి. చెప్పులు అంటించే ఘాటు జిగురు, పెయింటు థిన్నరు, పెట్రోలు తగిలితే థర్మోకోల్ కరిగిపోతుంది. తెల్ల ఫెవికాల్ మాత్రమే వాడాలి. అలాగే మామూలు కరెంటు వైరు థర్మోకోల్‌కు ఆనుకొని చాలాకాలం ఉంటే వైరు పై తొడుగు గట్టిపడి పగులుతుంది. అందుకే వైర్లను దానికి తగలకుండా వేయాలి.

పట్టాలు అమర్చడం

పల్చని ప్లైవుడ్ మీద నేరుగా పట్టాలు వేస్తే రైలు చప్పుడు డప్పులా మోగుతుంది. పొరుగున బొబ్బిలిలో వీణకు పనస కర్రను తొలిచి గుల్ల చేసేది శబ్దం పెరగడానికే. మన బల్లా అడుగున గుల్లే. వీణకు అది కావాలి, మనకు వద్దు, పక్క గదిలో చదువుకొనేవాళ్ళు ఉంటారు. అందుకని పట్టాల కింద 3 మిల్లీమీటర్ల మెత్తని రబ్బరు షీటును పట్టీలుగా కోసి పరిచాం. చప్పుడు బాగా తగ్గింది.

తర్వాత పట్టాలను స్లీపర్లలో ఉండే రంధ్రాల గుండా సన్నని అర అంగుళం మేకులతో బిగించాలి. ముందు అన్ని ముక్కలూ కలిపి, రైలును చేత్తో నెట్టి ఒక చుట్టు తిప్పి చూసి, అప్పుడే మేకు కొట్టాలి. మేకును పూర్తిగా దిగ్గొట్టకూడదు. తల స్లీపరును తాకితే చాలు. ఎక్కువ కొడితే స్లీపరు మధ్యలో కుంగి పట్టాలు దగ్గరవుతాయి, అక్కడ రైలు పడిపోతుంది. అడుగున మొన బయటకు వస్తే ఆకురాయితో రాసెయ్యాలి, లేకపోతే మోసేవాళ్ళ చేతులకు గుచ్చుకొంటుంది.

నేను విరగ్గొట్టిన ముక్కను ఇలా బాగుచేశాను. వంగిన పట్టాను నెమ్మదిగా తిన్నగా చేసి, విరిగిన స్లీపర్ల కింద అట్టముక్క అంటించాను. జాయింటు రేకు పోయింది కాబట్టి ఒక చిన్న రాగి తీగను రెండు ముక్కల బయటి వైపున సోల్డర్ చేశాను. సోల్డరింగు ఐరను ఎక్కువసేపు పెడితే ప్లాస్టిక్ స్లీపర్లు కరుగుతాయి. పెట్టామా, తీశామా అన్నట్టు ఉండాలి.

కరెంటు సంగతి

తమ్ముళ్ళూ, ఈ భాగం జాగ్రత్తగా చదవండి. గోడ ప్లగ్గులో వచ్చేది 230 వోల్టులు. అది ప్రాణాలు తీస్తుంది. పట్టాల మీదికి పోవలసింది 12 వోల్టుల డి.సి. మాత్రమే. మధ్యలో ఉండే కంట్రోలరు ఈ పని చేస్తుంది. పాత కంట్రోలరు వైరు పగిలి ఉన్నా, పెట్టె ముట్టుకొంటే జిమ్మన్నా, ఎక్కువ వేడెక్కినా వాడనే వాడకండి. తెలిసినవాళ్ళకు చూపించండి. మన పాత కంట్రోలరును నేను పక్కన పెట్టేశాను. మంచి 12 వోల్టుల అడాప్టరు, దానికి ఒక ఆంపియరు ఫ్యూజు, వెనక్కు ముందుకు మార్చే స్విచ్చి, వేగం తగ్గించే చిన్న సర్క్యూటు పెట్టాను. అన్నిటినీ బల్ల పక్కన ఒక పెట్టెలో బిగించాను.

రైలు ఎలా నడుస్తుందో చూడండి. ఒక పట్టా ప్లస్, రెండోది మైనస్. ఒక వైపు చక్రాలు కరెంటు తీసుకొంటాయి, అది ఇంజనులోని మోటారు గుండా పోయి రెండో వైపు చక్రాల ద్వారా తిరిగి వస్తుంది. ప్లస్, మైనస్ తారుమారు చేస్తే మోటారు ఎదురు తిరుగుతుంది, రైలు వెనక్కు పోతుంది. చక్రాలను కలిపే ఇనుప ఇరుసులో ఒక వైపు ప్లాస్టిక్ అడ్డు ఉంటుంది. లేకపోతే రెండు పట్టాలూ కలిసి షార్ట్ సర్క్యూట్ అవుతుంది.

అసలు రైల్వేలో ఇదే సూత్రాన్ని తిరగేసి వాడతారు. పట్టాలలో కొద్దిపాటి కరెంటు పంపి ఉంచుతారు. రైలు రాగానే దాని ఇనుప ఇరుసు రెండు పట్టాలనూ కలిపేస్తుంది. దాంతో అక్కడి రిలే పడిపోయి సిగ్నలు ఎర్రగా మారుతుంది. దీన్ని ట్రాక్ సర్క్యూట్ అంటారు. అమెరికాలో విలియం రాబిన్సన్ 1872లో దీనికి పేటెంటు పొందారు. తీగ తెగినా, పట్టా విరిగినా కూడా సిగ్నలు ఎర్రగానే మారుతుంది. పాడైనా ప్రమాదం జరగకూడదు అన్నదే ఇందులోని గొప్ప ఆలోచన.

పట్టాలకు కరెంటు ఒక్కచోటే ఇస్తే దూరం పోయేకొద్దీ, జాయింట్లు దాటేకొద్దీ తగ్గుతుంది. రైలు అవతలి వైపు నెమ్మదిస్తుంది. అందుకే బల్ల కింది నుంచి వైరు వేసి ఎదురెదురుగా రెండు చోట్ల కలిపాను. లోపలి పట్టాకు లోపలిదే, బయటి పట్టాకు బయటిదే కలపాలి. తప్పితే షార్ట్ అవుతుంది. అందుకు ఎర్ర వైరు, నల్ల వైరు వాడాను.

వంపులో నెమ్మది

రైలు వంపులో పడిపోతోందని మీరు మొదటి రోజు గొడవ చేశారు కదా. వంపు తిరిగే వస్తువును బయటకు పోకుండా లోపలికి లాగే బలం కావాలి. అది వేగం యొక్క వర్గాన్ని బట్టి పెరుగుతుంది. వేగం సగం చేస్తే కావలసిన బలం నాలుగో వంతే. పైగా మన వంపు చాలా బిగువు. భారతీయ రైల్వేలో బ్రాడ్‌గేజ్ లైనుకు అన్నిటికన్నా బిగువు వంపు వ్యాసార్ధం 175 మీటర్లు. దాన్ని 76తో భాగిస్తే 2.3 మీటర్లు. ఆ లెక్కన చేస్తే బల్ల 15 అడుగుల వెడల్పు కావాలి, మన గదే చాలదు. మనది 371 మిల్లీమీటర్లే. కాబట్టి వంపులో నెమ్మదిగా పోనివ్వండి.

శుభ్రం, అలంకారం

పట్టాలను పెన్సిల్ రబ్బరుతో తుడవండి. గరుకు కాగితం వద్దు, అది గీతలు వేస్తుంది, గీతల్లో మురికి చేరుతుంది. ఇంజనుకు కొబ్బరినూనె వేయకండి, బంకలా గట్టిపడుతుంది. కుట్టుమిషను నూనె ఒక్క చుక్క, సూది మొనతో ఇరుసు దగ్గర పెడితే చాలు.

కొండలకు పాత పేపర్లు నానబెట్టి ఫెవికాల్ కలిపి వాడాం. మైదా జిగురుతో చేస్తే ఎలకలూ బొద్దింకలూ కొరికేస్తాయి. పొలాలకు లారీ షెడ్డులో ఊరికే పడి ఉండే రంపపు పొట్టును ఆకుపచ్చ రంగులో నానబెట్టి ఎండబెట్టి చల్లాం. వేగావతి నదిని నీలం రంగు కాగితంతో, మన ఊరి స్టేషను పేరును పసుపు అట్ట మీద నల్ల అక్షరాలతో 8వ తరగతి వాళ్ళు చేశారు. బరువు పెరగకుండా కొండ లోపల గుల్లగానే ఉంచాం.

75 చుట్లు

చివరిగా ఒక సరదా లెక్క. మన బల్ల మీద ఒక చుట్టు పొడవు సరిగ్గా 3 మీటర్లు (వృత్తం 2.33, తిన్నని ముక్కలు 0.67). బొబ్బిలి, సాలూరు మధ్య లైను 17, 18 కిలోమీటర్లు. దాన్ని 76తో భాగిస్తే సుమారు 230 మీటర్లు. అంటే మన రైలు దాదాపు 75 చుట్లు తిరిగితే సాలూరు నుంచి బొబ్బిలి చేరినట్టు. పెట్టిన మొదటి ఆదివారం మీరందరూ గట్టిగా లెక్కపెడుతూ దాన్ని బొబ్బిలి చేర్చారు. 41వ చుట్టులో ఒకసారి పడిపోయింది, ఎత్తి పెట్టి మళ్ళీ పంపారు. ఆ రోజు పక్కన నిలబడి చూస్తుంటే, నేను దాచిన చిన్న ముక్క ఎంతమంది పిల్లల ఎన్ని ఆదివారాలను ఆపేసిందో నాకు అర్థమైంది.

అందుకని ఒక మాట చెప్పి ముగిస్తాను. హాస్టల్లో ఉన్న వస్తువు ఏదైనా అందరిదీ. ఆడితే ఎప్పుడో ఒకప్పుడు విరుగుతుంది. విరిగితే తప్పు లేదు, దాస్తేనే తప్పు. ముక్కను తీసుకువచ్చి చూపించండి. బాగుచెయ్యడం నేర్పడానికి మేం ఉన్నాం. బల్ల కింద చట్రానికి ఒక చిన్న సంచి కట్టాను. విరిగినవీ ఊడినవీ అందులో వేయండి. ఎవరు విరిచారని అడగవద్దని వార్డెన్ గారిని కూడా కోరాను, ఆయన సరే అన్నారు.



— మీ అన్నయ్య, ఒక పూర్వ విద్యార్థి